ధూళిమిట్ట దారిలో ముఖాలు

సిద్దిపేట, సోమవారం

అమ్మా,

క్షేమంగా చేరాను. ఇది కాపు రాజయ్యగారి ఊరు. 1925లో ఇక్కడే పుట్టి, తెలంగాణ పల్లె బతుకును బొమ్మల్లోకి తెచ్చిన మనిషి. నేను మాత్రం ఇంకా ఒక్క ముఖం దగ్గరే తడుముకుంటున్నాను. కళ్లు తల ఎత్తుకు సగంలో ఉంటాయని తెలిసి కూడా, చెయ్యి వాటిని నుదుటి మీదికి జరిపేస్తోంది. కనిపించేది వదిలేసి, మనసులో ఉన్న ముఖాన్నే గీస్తున్నాను.

చేర్యాల, మంగళవారం

అమ్మా,

కథల పటాలు గీసే నకాషీ కళాకారుల ఇంట్లో ఒక పూట కూర్చున్నాను. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసి, ఆరాక ఎర్రటి నేపథ్యం మీద మార్కండేయ పురాణం, మడేలు పురాణం గీస్తారు. కథకుడు పటం విప్పి పాడుతుంటే వెనక కూర్చున్నవాళ్లకు కూడా ఎవరెవరో తెలియాలి. అందుకే అక్కడ మనిషిని రంగు, నగ, నిలబడే తీరు చెబుతాయి. ముఖాలన్నీ ఒకే పోలికలో ఉంటాయి. ఆ కథకు అదే అందం. నాకు మాత్రం కావలసింది ఒక్క మనిషి పోలిక.

ధూళిమిట్ట, గురువారం

అమ్మా,

ఈ మండలంలోనే బైరాన్‌పల్లి ఉంది. 1948 ఆగస్టు 27న నిజాం పక్షపు రజాకార్లు ఊరి మీద పడి ఎంతోమందిని చంపారు. ఆ ఊరి బురుజు చూసొచ్చాక ఏ ముఖాన్నీ తొందరపడి గీయబుద్ధి కాలేదు.

ఒక ముసలవ్వ అరుగు మీద కూర్చోవడానికి ఒప్పుకుంది. పళ్లు లేక గడ్డం ముక్కుకు దగ్గరైంది. నేర్చుకున్న కొలతలు పనికిరాలేదు. కళ్లు సగం మూసి చూస్తే కన్నూ ముక్కూ కరిగి, వెలుగు ముక్కలు, నీడ ముక్కలు మిగిలాయి. వాటినే ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ పోయాను. ఒంటి నీడలకు నల్లరంగు వాడితే బూడిద పట్టినట్టయింది. తడిగుడ్డతో తుడిచి, బర్న్ట్ సియెన్నాలో కాస్త అల్ట్రామెరీన్ బ్లూ కలిపితే చర్మం వెచ్చబడింది. రెండుసార్లు చెడి, మూడోసారి కుదిరేసరికి పొద్దు వాలింది.

అవ్వ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "గిది నేను గాదు బిడ్డా, మా అవ్వ" అంది. వాళ్లమ్మ ఫొటో ఒక్కటీ లేదట. బొమ్మ ఆమెకే ఇచ్చేశాను.

శనివారం ఇంటికొస్తున్నాను. పొద్దుటి వంట తొందరగా కానిచ్చి, తూర్పు కిటికీ దగ్గర రెండు గంటలు నాకోసం కూర్చో.

నీ బిడ్డ