తిరిగే చక్రం

వేసవి వచ్చిందంటే కొందరు ఊటీకి, కొందరు కొడైకెనాల్‌కు ప్రయాణమవుతారు. విశాఖపట్నంలో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయ దంపతులకు మాత్రం వేసవి అంటే నర్సీపట్నం దాటిన తరువాత మొదలయ్యే కొండలే. ఆ కొండలకు వారు రైలులో గాని బస్సులో గాని వెళ్ళరు. తమ తెల్లని అంబాసిడర్ కారులోనే వెళ్తారు. ఆయన తండ్రి 1974లో ఆ కారు కొన్నాడు. కారు కావాలంటే ముందుగా డబ్బు కట్టి వంతు కోసం ఎదురుచూడవలసిన రోజులవి. తండ్రి గతించినా కారు మిగిలింది. దానిని తుడవడం, విప్పడం, బిగించడం ఆయనకు వ్యసనమయింది. ఏ సంవత్సరం ఎంత దూరం తిరిగిందీ, ఏ భాగం మార్చిందీ ఒక పుస్తకంలో రాసిపెట్టడం ఆమెకు అలవాటయింది.

2025 వేసవి ప్రయాణం మాత్రం వెనుకటి వాటివలె ఉల్లాసంగా మొదలుకాలేదు. కారు రిజిస్ట్రేషన్ గడువు ఆ ఏడాది చివరికి ముగియనున్నది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 1950ల చివర ప్రారంభమైన అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. విడిభాగాలు దొరకడం కష్టమయింది. ముప్పై ఏళ్ళుగా ఆ కారును బాగుచేసిన మెకానిక్ చూపు మందగించి పని మానుకున్నాడు. హైదరాబాదులో ఉన్న కుమారుడు ఒక మార్గం చెప్పాడు. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాలను ప్రత్యేకంగా నమోదు చేయడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు చేసింది. ఆ విధంగా నమోదు చేయిస్తే కారుకు గౌరవం దక్కుతుంది. అయితే ప్రదర్శనలకు, పాతకార్ల ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప దానిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. గౌరవం కావాలా, ప్రయాణం కావాలా అన్న ప్రశ్నతోనే ఆ దంపతులు ఇల్లు కదిలారు.

అనకాపల్లి దాటిన కొంతసేపటికి ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. ఆయన కంగారుపడలేదు. ఎండ వేడికి, ఇంజను వేడి తోడై, పెట్రోలు పంపులోనే ఆవిరిగా మారితే ఇంధనం ముందుకు సాగదు. పాత కార్లకు ఇది వేసవి జబ్బు. ఆమె సీసాలోని నీటితో గుడ్డ తడిపి ఇచ్చింది. ఆయన దానిని పంపు మీద కప్పాడు. ఇద్దరూ చింతచెట్టు నీడన పావుగంట కూర్చున్నారు. కారు తిరిగి కదిలింది కాని, గేరు మార్చబోతే మరొక చిక్కు ఎదురయింది. స్టీరింగు పక్కన ఉండే గేరు కడ్డీ చివరి పిడి ఎప్పుడో బీటలు వారింది. అది ఇప్పుడు రెండు ముక్కలై ఆయన చేతిలోకి వచ్చింది.

"యాభై ఏళ్ళ పిడి. ఇటువంటిది ఇక ఎక్కడ దొరుకుతుంది?" అని ఆయన నిట్టూర్చాడు.

"ఏమండీ, ఏటికొప్పాక దగ్గరేగా! కర్రను ఏ రూపంలోకైనా మలచగల చేతులు అక్కడ ఉన్నాయి" అన్నదామె.

యలమంచిలి మీదుగా అడ్డరోడ్డు చేరి, నర్సీపట్నం వైపు తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంటుంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఆ గ్రామం 2022 నుండి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఏటా మనుమరాలికి లక్కపిడతలు కొనడానికి ఆ దంపతులు ఆగే ఇల్లు అక్కడ ఒకటి ఉన్నది. వృద్ధుడైన కళాకారుడు విరిగిన పిడిని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలి ఇత్తడి మరను ఊడదీసి పక్కన పెట్టాడు. ఎండిన అంకుడు కర్ర ముక్కను లేతు యంత్రానికి బిగించాడు. ఉలి ఆనించగానే తెల్లని పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకొని రాలింది.

"మా తాత కాలంలో ఒకరు తాడు లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారండి. ఇప్పుడు కరెంటు తిప్పుతోంది. ఉలి మాత్రం చెయ్యే పట్టాలి కదండీ!" అన్నాడు నవ్వుతూ.

పిడి ఆకారం వచ్చిన తరువాత పసుపు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనించాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకున్నది. దాని మీద మొగలి ఆకు అదిమిపెట్టేసరికి అద్దంలా మెరిసింది. ఒక కాలంలో ఈ ఊరిలోనూ రసాయన రంగులు రాజ్యమేలాయి. పసిపిల్లలు బొమ్మలను నోట పెట్టుకుంటారు; అటువంటి రంగులలోని సీసం వారికి విషమవుతుంది. ఆ ప్రమాదాన్ని గుర్తించి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు మొదలైన వాటి నుండి రంగులు తీసే పద్ధతిని తిరిగి నిలబెట్టినవారిలో ఈ గ్రామానికి చెందిన సి.వి. రాజు ముఖ్యులు. 2023లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే నడిచింది.

ఆ శకటం మాట ఎత్తగానే కళాకారుని కళ్ళు మెరిశాయి. మరుక్షణమే ఆయన గొంతు తగ్గింది. "పేరు వచ్చిందండి. కర్రే కరువవుతోంది. అడవిలో అంకుడు తగ్గిపోయింది. మా అబ్బాయి కూడా ఈ పని వద్దంటున్నాడు."

ఇత్తడి మరను కొత్త పిడిలో బిగించి ఇస్తూ, "ఎండలో గంటల తరబడి వదిలెయ్యకండి బాబూ, లక్క మెత్తబడుతుంది" అని హెచ్చరించాడు. పసుపుపచ్చని పిడి నల్లని కడ్డీకి అతికింది. ఆయన కొంచెం ముఖం చిన్నబుచ్చుకొని, "కారు అసలు రూపం మారిపోయింది" అన్నాడు. ఆమె బదులు చెప్పలేదు. తన పుస్తకం తెరిచి, "గేరు పిడి, అంకుడు కర్ర, ఏటికొప్పాక" అని రాసుకున్నది.

నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి గాలి చల్లబడింది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి వారి మజిలీ. ఈ ప్రాంతపు కొండదారులు ఊరికే పుట్టలేదు. బ్రిటిష్ పాలనలో గిరిజనుల చేత చాలీచాలని కూలికి రోడ్డు పనులు చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యాలు ఆ కష్టాన్ని రెట్టింపు చేశాయి. మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో అది ఒకటి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషను మీద దాడి చేసింది. ఆ మలుపులు ఎక్కేటప్పుడు ఆయన కారు వేగం తగ్గించి, కొంతసేపు మాటలు మానేస్తాడు.

మరునాడు తెల్లవారకముందే ఇద్దరూ కాలిబాట పట్టారు. కాఫీ తోటల మీద మంచు ఇంకా విడలేదు. మోకాళ్ళ నొప్పితో ఆయన నాలుగడుగులకొకసారి ఆగుతుంటే, ఆమె ముందు నడిచి మళ్ళీ వెనక్కి వస్తున్నది. నెత్తిన మూట పెట్టుకొని సంతకు పోతున్న ఒక గిరిజన స్త్రీ వారిని దాటి, ఆయన అవస్థ చూసి ఆగింది. తమకు సరదా అయిన ఈ నడక ఆమెకు నిత్యజీవితమని తోచి ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. దారి పక్కన తెల్లని పూలతో నిలిచిన ఒక చిన్న చెట్టును చూపి, అదేమిటని భార్య అడిగింది.

"అంకుడమ్మా" అన్నది ఆ స్త్రీ. "మొదలు పెకలించకుండా కొమ్మ కొట్టుకుంటే మళ్ళీ చిగురేస్తాది. వేరుతో తీసేత్తేనే పోతాది."

ఆమె సాగిపోయింది. ఆయన ఆ చెట్టు దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. ఒకనాడు కొట్టిన కొమ్మ చోటు నుండి రెండు లేత కొమ్మలు లేచి ఉన్నాయి. తాడు పోయి కరెంటు వచ్చినా లేతు తిరుగుతూనే ఉన్నది. రసాయనాలను వదిలి ప్రకృతి రంగులను చేపట్టిన ఊరు తన కళను నిలుపుకున్నది. మార్పుకు తావివ్వకుండా అద్దాల పెట్టెలో దాచి ఉంటే, ఈపాటికి అది గతించిన వస్తువుల జాబితాలో చేరేది కాదా?

తిరిగి వచ్చి కారు ఎక్కాక ఆయన పసుపు పిడి మీద చేయి వేశాడు. అది చేతిలో చక్కగా ఒదిగింది.

"మామూలు రిజిస్ట్రేషనే మళ్ళీ చేయిద్దాం. ఐదేళ్ళకొకసారి పరీక్ష, ఖర్చు, తిరుగుడు తప్పవు" అన్నాడు.

"తప్పకపోతేనేం? పరీక్షలో నెగ్గినంత కాలం తిరుగుతుంది. నెగ్గనినాడు మనమే విశ్రాంతి ఇద్దాం" అన్నదామె.

"మరి మన మెకానిక్ లేడే?"

"పని నేర్చుకుంటానని ఆయన మనుమడు నిరుడు అడిగాడు. మీరే వినిపించుకోలేదు. చూపు తగ్గినా ఆ పెద్దాయన చెప్పగలడు, కుర్రవాడు చేయగలడు. మన కారు మీదనే నేర్చుకోనివ్వండి."

ఆయన కాసేపు ఆలోచించాడు. పరాయి చేయి పడితే కారు చెడుతుందని ఇంతకాలం ఎవరినీ తాకనివ్వనివాడు, మెల్లగా తల ఊపాడు. పసుపు పిడి కిందికి వంగింది. చక్రాలు కదిలాయి. ఆమె పుస్తకంలో కొత్త పుట తెరిచి, ఆ ఉదయపు తేదీ వేసింది.