చరిత్ర ఉపాధ్యాయుడు హారూన్ ఖాన్ షేర్వానీ

మా మదరసా విద్యార్థులను స్పెయిన్‌లోని కుర్తుబా మసీదు గురించి అడిగితే తడుముకోకుండా చెబుతారు. వింజమూరుకు పడమటనున్న ఉదయగిరి కోటను 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఎవరి నుంచి గెలుచుకున్నారని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పిల్లలను అనవలసిన పని లేదు. మేము చదివిన దర్సె నిజామీలో ఫిఖ్హ్, హదీసు, తర్కశాస్త్రం ఉన్నాయి. దక్కను చరిత్ర లేదు. నాకు ఆ లోటు తీర్చినవి ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ గ్రంథాలు.

ఆయన 1891లో అలీగఢ్ ప్రాంతంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, బారిస్టరు అయ్యారు. అయినా 1919లో హైదరాబాదు వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించడానికి చేరారు. అంతకు ఏడాది ముందే స్థాపితమైన ఆ విద్యాలయంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగేది. ఇంగ్లీషులో చదివినదాన్ని ఉర్దూలో చెప్పడం ఎంత శ్రమో, ఉర్దూలో చదివి తెలుగు పిల్లలకు చెప్పే మాబోటివారికి బాగా తెలుసు.

ఉత్తరాది నుంచి వచ్చినవారు కనుక ఢిల్లీ, ఆగ్రాల చరిత్రతోనే జీవితం గడిపినా అడిగేవారుండరు. ఆయన మాత్రం తాను అన్నం తింటున్న నేలను చదివారు. బహమనీలను, కుతుబ్‌షాహీలను తన విషయంగా ఎంచుకున్నారు. ఇబ్రాహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడనీ, వారు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారనీ మా పిల్లలకు చెప్పినప్పుడు, ‘సుల్తానుకు తెలుగు పేరా!’ అని నవ్వారు. ఆ నవ్వులో సంతోషముంది.

అన్ని పాఠాలూ అలా ఉండవు. షేర్వానీ 1942లో బహమనీ వజీరు మహమూద్ గవాన్‌పై ఒక గ్రంథం వెలువరించారు. బీదర్‌లో గొప్ప మదరసా కట్టించిన వజీరు ఆయన. గిట్టని అమీర్లు ఆయన ముద్రతో ఒడిశా గజపతికి రాసినట్లు దొంగ ఉత్తరం సృష్టించారు. మూడవ ముహమ్మద్ షా మద్యం మత్తులో, విచారణ లేకుండా, 1481లో మన కొండపల్లి వద్ద ఆ వృద్ధుని తల తీయించాడు. ఏడాదిలోపే సుల్తానూ మరణించాడు.

ఈ పాఠం విన్న పెద్ద తరగతి విద్యార్థి ఒకడు, “ఉస్తాద్, మనవాళ్ళ తప్పు మనమే చెప్పుకోవాలా? బయటివాళ్ళు చెబుతున్నది చాలదా?” అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. హైస్కూల్లో చదివే తమ్ముళ్ళు రోజూ ఏయే మాటలు విని ఇంటికి వస్తున్నారో నాకు తెలుసు. అన్నిసా సూరా 135వ ఆయత్ తీయించి వాడిచేతనే చదివించాను. తమకూ, తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా న్యాయసాక్ష్యం పలకమన్న ఆజ్ఞ అందులో ఉంది. “చంపించినవాడూ ముస్లిమే, చనిపోయినవాడూ ముస్లిమే. ఇందులో మనవాడెవరు?” అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, “మదరసా కట్టించినవాడు” అన్నాడు.

షేర్వానీకి 1969లో పద్మభూషణ్ లభించింది. కుతుబ్‌షాహీ వంశంపై ఆయన బృహద్గ్రంథం 1974లో, ఎనభై మూడేళ్ళ వయసులో వెలువడింది. 1980లో పరమపదించారు, అల్లాహ్ ఆయనను మన్నించుగాక. మోకాళ్ళ నొప్పులని చెప్పి అసర్ తరువాతి తరగతి మానుకుందామా అని ఆలోచించే ఉస్తాదులం మా మదరసాలో ఇద్దరం ఉన్నాం. ఇద్దరికీ ఇంకా అరవై నిండలేదు.