మిల్వాకీకి బీరు యాత్ర

మొన్న ఒక శనివారం మన సంఘంలోని పన్నెండు కుటుంబాల వాళ్ళం కలిసి చికాగో నుంచి మిల్వాకీకి బస్సులో వెళ్ళివచ్చాము. దూరం సుమారు 90 మైళ్ళు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు మాకంటే ముందే బస్సెక్కాయి. "గుళ్ళ యాత్రలు విన్నాం గాని, బీరు యాత్ర ఏమిటర్రా!" అని దేశం నుంచి వచ్చిన ఒక పిన్నిగారు నవ్వారు. నవ్వుతూనే కిటికీ పక్క సీటు పట్టేశారు.

మొదట మిల్లర్ వారి బ్రూవరీ. జర్మనీ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ మిల్లర్ 1855లో ఇక్కడ వ్యాపారం మొదలుపెట్టాడు. శీతల యంత్రాలు లేని ఆ రోజుల్లో గుట్టను తొలిచి గుహలు చేసి, వాటిలో మంచుగడ్డలు పేర్చి బీరు నిలవచేసేవారు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, హాప్స్ పువ్వులు, ఈస్టు, నీళ్ళు - సరుకు ఇంతే. "అయితే మన రాగిమాల్టుకు చుట్టమే" అని పిన్నిగారు తేల్చారు.

తరువాత నది ఒడ్డున లేక్‌ఫ్రంట్ బ్రూవరీ. 1987లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టినది. ఇంట్లో సొంతానికి బీరు చేసుకోవచ్చునని 1978లో చట్టం వచ్చాక, సరదాగా మొదలుపెట్టి వ్యాపారంలో దిగినవారు ఎందరో. 1970ల చివర దేశమంతటా వందకు లోపున్న బ్రూవరీలు ఇప్పుడు 9,000 దాటాయి.

అక్కడ అందరి చేతికీ గ్లాసులు వచ్చాయి. ఒక మిత్రుడు మాత్రం ముట్టుకోలేదు. "ఇంత దూరం వచ్చి మడి కట్టుకున్నారేమండీ?" అని మేమే మూడుసార్లు అందించాము. చివరికి ఆయన గ్లాసు పుచ్చుకుని, బల్లమీద పెట్టేశారు.

వైద్యులం, లెక్క తెలియనివాళ్ళం కాము. 5 శాతం బీరు 12 ఔన్సులైతే ఒక డ్రింకు. 8 శాతం బీరు ఒక పింటు తాగితే రెండు డ్రింకులకు పైమాటే. "రోజుకు ఎన్ని?" అని రోగులను అడగడం మాకు నిత్యకృత్యం.

తిరుగు ప్రయాణంలో, బస్సులో దీపాలు ఆర్పాక, ఆ మిత్రుడు మా పక్కకు వచ్చి కూర్చున్నారు. "మానేసి రెండేళ్ళయింది డాక్టరుగారూ. మీరు మూడోసారి ఇచ్చినప్పుడు మాత్రం చాలా కష్టమైంది" అన్నారు. మాకు నోట మాట రాలేదు.

ఈ దేశంలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉండేది. అప్పుడు మిల్వాకీలో పాబ్‌స్ట్ వారు చీజ్ చేసి అమ్మారు. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. రెండుచోట్లా చట్టం వచ్చి పోయింది. వద్దన్నవారిని ఒక్కమాటతో వదిలెయ్యడానికి ఏ చట్టమూ అక్కరలేదు. మన విందుల్లో బేస్‌మెంటు మెట్ల దగ్గర వినిపించే "ఒక్కటేనండీ" అనే మాట మనందరిదీనూ.

వచ్చేసారి గ్లెండేల్‌లోని స్ప్రెచర్ వారి దగ్గరకు వెళ్దామని అనుకుంటున్నాము. 1985 నాటి ఆ సంస్థ తేనె వేసి చేసే రూట్‌బీరు పిల్లలకూ పెద్దలకూ పనికొస్తుంది. రాదలచినవారు కార్యదర్శిగారికి ముందుగా చెప్పండి. బస్సులో చోటుంది. ఈసారి ఎవరినీ రెండోసారి అడగము.