హోసూరు నుంచి కృష్ణగిరికి: ఒక కుక్కపిల్ల ప్రయాణం

హోసూరు పేరు వినగానే బయటి వారికి గులాబీ తోటలో, గడియారాల కర్మాగారమో జ్ఞాపకం వస్తుంది. తరాలుగా యిక్కడే పాతుకుపోయిన మాబోటి వాళ్ళకు మాత్రం చల్లగాలి, రాగిముద్ద, వీధి అరుగు కింద ముడుచుకుని పడుకున్న కుక్క జ్ఞాపకం వస్తవి. వూరి పేరు కన్నడం. కచేరీ భాష తమిళం. యింట్లో మాట తెలుగు. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు యీ సీమ మద్రాసు రాష్ట్రంలోనే వుండిపోయింది. సేలం జిల్లాలో వుండిన వూరు 1965లో ధర్మపురి జిల్లాకూ, 2004లో కృష్ణగిరి జిల్లాకూ మారింది. జిల్లాలు యెన్ని మారినా మా పిల్లలు నాయనమ్మను "అవ్వా" అనే పిలుస్తున్నారు.

ఇది మొదటి నుంచీ పశువుల సీమ. వూరి పక్కనే మత్తిగిరిలో వున్న సర్కారు పశువుల ఫారం 1824లో కుంపిణీ సైన్యానికి గుర్రాల కోసం ఆరంభమైనది. చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెల మందలు, ఆవుల మందలు. మంద వున్న చోట కుక్క వుండక తప్పదు గదా! మా చిన్నతనంలో వీధికుక్క అంటే దిక్కులేని కుక్క కాదు. ఒకరి యింట సంగటి, యింకొకరి యింట మజ్జిగన్నం తిని, రాత్రి వీధి కొస నుంచి కొసకు కాపలా కాసేది. ఎవరి కుక్క అని అడిగితే మాత్రం చెప్పేవారు లేరు. వీధి కుక్క, అంతే.

1970ల తర్వాత సిప్కాట్ పేట వచ్చింది, కర్మాగారాలు వచ్చినవి, 2019లో హోసూరు నగరపాలక సంస్థ కూడా అయింది. అరుగులు పోయి మెట్లు వచ్చినవి, మెట్ల ముందు ఇనుప గేట్లు వచ్చినవి. మిగిలిన అన్నం సంచుల్లో కట్టి చెత్తబండిలో వేస్తున్నాము. పక్కన రాజమార్గం మీద రాత్రింబవళ్ళు లారీలు. వీధి చేతిలో పెరిగిన జంతువుకు వీధే లేకుండా పోయింది. కరిస్తే పిచ్చికుక్క రోగమేమో నన్న భయం వుండనే వున్నది. ఆ భయం న్యాయమైనదే. ఆ రోగం పైకి తేలిన తర్వాత మనిషిని బతికించటం దాదాపు అసాధ్యం.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు చేర్చమన్నది. దేశమంతా యీ విషయమే మాట్లాడుకుంది. అదే నెల 22న ఆ ఉత్తరువును సవరించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడవమన్నది. పిచ్చి సోకినవీ, మీద పడి కరిచేవీ మాత్రం దీనికి మినహా. కోరిన వారు దత్తు తీసుకోవచ్చు నన్నది; అయితే తీసుకున్న కుక్క తిరిగి వీధి పాలు కాకుండా చూచుకొనే బాధ్యత వారిదే. అదే నెలలో హైదరాబాదు నగరపాలక సంస్థ బంజారాహిల్సు జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. సీమకుక్కకు వేలు పోసే వారు నాటు పిల్లను ఉచితంగా యిచ్చినా తీసుకోరన్న సంగతి అందరికీ తెలిసిందే గనుక యిది మంచి ప్రయత్నమే.

దత్తు ఒకటి, కొన్నాళ్ళ పెంపకం మరొకటి. షెల్టరులో పదుల కొద్దీ కుక్కలు ఒకచోట వుంటవి. టీకాలు పూర్తి కాని పిల్లలకు అక్కడ పార్వో అనే రక్తవిరేచనాల జబ్బు సోకితే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అందుచేత టీకాలు ముగిసే వరకు, లేదా శాశ్వతంగా పెంచుకొనే వారు దొరికే వరకు, ఏదైనా కుటుంబం తమ యింట వుంచుకోవాలని షెల్టరు వారు అడుగుతారు. మద్రాసులో బ్లూ క్రాస్ పుట్టుక కూడా యిటువంటిదే. 1959 వరదల్లో విమాన చోదకుడు కెప్టెన్ సుందరం గారు నీళ్ళలో కొట్టుకుపోతున్న రెండు కుక్కపిల్లలను తీసి యింటికి తెచ్చుకున్నారు. ఒక కుటుంబం చేసిన ఆ పని తర్వాత పెద్ద సంస్థ అయింది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల గారు అదే పేరున మరొక సంస్థ నెలకొల్పారు.

మా యింటికి వచ్చిన పిల్ల సంగతి చెబుతాను. కార్తీక మాసపు వానల్లో ఒక కర్మాగారం వెనుక కాలువ గట్టున తల్లిలేని నాలుగు పిల్లలు దొరికినవి. ఆరు వారాల వయసుంటుంది. మగపిల్లలు మూడూ వారంలోనే కుదిరిపోయినవి. ఆడపిల్ల మిగిలింది. "ఆడదా? యేటికి రెండు ఈతలు ఈనుతుంది, మాకొద్దు" అని వచ్చిన వారంతా తిరిగి పోయారు. షెల్టరు వారు మమ్మల్ని మూడు వారాలు వుంచుకోమన్నారు.

మా అమ్మ ముందు ఒప్పుకోలేదు. "కుక్కను తెస్తే మడి యాడ నిలుస్తుందిరా? యాల మనకీ కర్మ?" అన్నది. మా ఆవిడకు గచ్చు కడిగే పని యెవరి నెత్తిన పడుతుందో బాగా తెలుసు. పిల్లవాడు చిన్నప్పుడు ఒకసారి కుక్క తరిమిన భయంతో మాట్లాడకుండా కూర్చున్నాడు. అమ్మాయి ఒక్కతే "మూడు వారాలే గదా అవ్వా" అన్నది. రెండు రోజులు చర్చ జరిగింది. చివరకు పెరటి వసారా దానిది, వంటిల్లూ దేవుడి గదీ అవ్వవి అని ఒప్పందం కుదిరింది. పొద్దుటి పని నాది, సాయంత్రం పిల్లలది. ఇంట్లో ఒక్కరికి యిష్టం లేకపోయినా యిటువంటి పని పెట్టుకోకూడదు. మధ్యలో విసిగి తిప్పి పంపితే దెబ్బ తగిలేది ఆ నోరులేని జీవానికే.

రాగిపిండి రంగులో వుంది గనుక దానికి రాగి అని పేరు పెట్టారు పిల్లలు. మొదటి మూడు రోజులు తొట్టి వెనుక నుంచి బయటకు రాలేదు. రాత్రిళ్ళు ఒకటే యేడుపు. పాత చీరముక్క, గుడ్డలో చుట్టిన వేడినీళ్ళ సీసా పక్కన పెడితే నిద్రపోయేది. పశువుల డాక్టరు గారు చెప్పినవి అన్నీ రాసుకున్నాము: పదిహేను రోజులకొకసారి నులిపురుగుల మందు, మూడు నాలుగు వారాల యెడంతో టీకాలు, మూడు నెలల వయసులో పిచ్చి రోగపు టీకా, అవి ముగిసేవరకు వీధిలోకి వదలరాదు. ఆవుపాలు చాలా పిల్లలకు అరగవు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు విషం. ఉడికిన కోడి యెముక గొంతులో గుచ్చుకుంటుంది. పలచని రాగి అంబలి, మెత్తని అన్నం, ఉడికిన గుడ్డు సరిపోయినవి. పిల్లలకు నేర్పిన నియమం ఒకటి: తినేటప్పుడూ, నిద్రపోయేటప్పుడూ ముట్టుకోకూడదు. పంటి గాటో గోటి గీతో పడితే దాచకూడదు. సబ్బూ, కుళాయి నీళ్ళతో పావుగంట కడిగి అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

మూడు వారాలు గడిచినవి, యెవరూ రాలేదు. ఆరు వారాలైంది. పిల్లవాడు దాని పక్కన కూర్చొని యెక్కాలు వల్లిస్తున్నాడు. అంబలి కాచే పని యెప్పుడు మా అమ్మ చేతికి పోయిందో యెవరమూ గమనించలేదు. పుష్యమాసం వచ్చేసరికి షెల్టరు నుంచి కబురు: కృష్ణగిరి పక్కన మామిడితోటలో వుండే తెలుగు కుటుంబం వారు చూస్తామన్నారట. "మనమే వుంచుకుందాం" అన్నది అమ్మాయి. మా యిల్లు రాజమార్గానికి రెండు వీధుల దూరం. పగలంతా పిల్లలు బడిలో, మేము పనుల్లో. పైగా వసారాలో ఒక్కటే చోటు. అది నిండితే మళ్ళీ వానల్లో దొరికే పిల్లకు జాగా యేది? ఆ మాట చెప్పటం మాకూ తేలిక కాలేదు.

సంక్రాంతి సెలవుల్లో అందరమూ బయలుదేరాము. హోసూరు నుంచి కృష్ణగిరికి దాదాపు యాభై కిలోమీటర్లు. శూళగిరి కొండ చూడటానికి బాగుంటుంది. రాగికి మాత్రం అక్కడే వాంతి అయింది. బండి ఆపి, నీళ్ళు పట్టి, చింతచెట్టు కింద కొంతసేపు నడిపించాము. దారి పల్లానికి దిగిన కొద్దీ చలి తగ్గి, రాతిగుట్టలు పెరిగి, మామిడితోటలు మొదలవుతవి. హోసూరు దగ్గర మనం చూచే దక్షిణ పినాకినే యిక్కడ కృష్ణగిరి ఆనకట్టలో మళ్ళీ కనిపిస్తుంది. వూరి మీద దుర్గం. 1791లో దాన్ని యెక్కబోయి యింగ్లీషు సైన్యం ఓడి దిగింది. మరుసటి యేడు సంధిలో టిప్పు సుల్తాను నుంచి అది వారికి దక్కింది.

సర్కారు మ్యూజియంలో వీరగల్లులు చూపించటానికి పిల్లలను తీసుకుపోయాను. పశువుల మందలను దొంగల నుంచి విడిపించబోయి చనిపోయిన వారికి నిలిపిన రాళ్ళు యీ జిల్లా అంతటా వున్నవి. కుక్కకు నిలిపిన రాయి వుందా అని అడిగాడు పిల్లవాడు. వుంది. పక్కనే తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో ఏడవ శతాబ్దపు వీరగల్లు మీద యజమాని పక్కన కోవివన్ అనే కుక్కను చెక్కి, అది దొంగలను కరిచిందని రాశారు. మండ్య జిల్లా ఆతకూరులో కాళి అనే వేటకుక్కది మరొక కథ. తక్కోలం యుద్ధంలో గెలిచిన తర్వాత గంగరాజు బూతుగుడు యేం కావాలో కోరుకోమంటే, మనలేరుడనే వీరుడు ఆ కుక్కను అడిగి తీసుకున్నాడు. అది అడవిపందితో పోరాడి, రెండూ చచ్చినవి. దానికి రాయి నిలిపి మాన్యం రాసిచ్చారు. ఆ శాసనం 950 ప్రాంతానిది.

తోటకు చేరేసరికి మూడు గంటలు. చెట్లకు అప్పుడే పూత పడుతున్నది. బావికి గోడ వుందా, గేటు పడుతుందా, రోడ్డు యెంత దూరమని అన్నీ తిరిగి చూచాము. ఆ యింటి పెద్దాయన ఏమీ అనుకోలేదు. "పిల్లనిచ్చేవారు యిల్లు చూడరా?" అన్నాడు. ఆయన భార్య, "ఆడదైతే యేమిలే అక్కా, ఆరునెలలు దాటినాక డాక్టరు చెప్పిన దినం ఆపరేషను చేయిస్తాము" అన్నది మా ఆవిడతో. టీకాల కార్డు, చీరముక్క, వారం రోజులకు రాగిపిండి వారి చేతికిచ్చాము. మా అమ్మ దాని మెడకు నల్లతాడు కట్టి, "రేత్రిపూట గుడ్డ కప్పమ్మా, దీనికి చలి ఆగదు" అని చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో యెవరూ మాట్లాడలేదు. అమ్మాయి యేడ్చింది; మేము వారించలేదు. నెల తర్వాత కబురు వచ్చింది: తోటలోకి వచ్చిన కోతులను రాగి తరుముతున్నదట. ఆ వారమే మా అమ్మ వసారా కడిగించి, చీరముక్క మరొకటి ఉతికి ఆరవేసింది.

పదేళ్ళు, పన్నెండేళ్ళు ఒక కుక్కను సాకటం అందరి వల్లా కాదు. యింటి వైశాల్యం, పెద్దల ఆరోగ్యం, ఖర్చు అన్నీ చూచుకోవాలి. పెంచుకోగలిగితే ఆడపిల్ల అని తోసివేయకండి. పెంచుకోలేని వారు కనీసం మూడు వారాలు వసారాలో చోటివ్వవచ్చు. వానాకాలం వెళ్ళేసరికి కాలువ గట్టుల మీద పిల్లలు దొరుకుతూనే వుంటవి.