ఎనిమిది పాయింట్ల పద్దు

మా సుల్తానాబాద్‌లో సీజన్ అంటే రెండే: వానాకాలం, యాసంగి. వడ్లు మిల్లులకు చేరే రోజులన్న మాట. ముప్పయ్యేళ్ళు రైసు మిల్లుల్లో గుమాస్తాగిరీ వెలగబెట్టిన నాకు మూడో సీజన్ ఒకటుందని డెబ్బయ్యో ఏట మా మనవడు నేర్పాడు. అది ఫుట్‌బాల్ సీజన్. నవ్వకండి. బంతి ఎటు పోతోందో సరిగా కనపడని వాడు ఆట గురించి రాయడమేమిటని మా ఆవిడ ఇప్పటికే నవ్వుతోంది.

2023 జూన్‌లో అల్లుడికి దూరప్రాంతం బదిలీ అయితే, కూతురు పన్నెండేళ్ళ కొడుకుని ఆ ఏడాది చదువుకి మా ఇంట్లో దింపి వెళ్ళింది. వాడి పెట్టెలో పుస్తకాలకన్నా పైన ఒక పసుప్పచ్చ చొక్కా ఉంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు వారిది.

"తాతా, మనం చాంపియన్లం, ఎరికేనా?" అన్నాడు వచ్చిన పూటే.

2022 మార్చి 20న గోవాలో, ఇండియన్ సూపర్ లీగు ఫైనల్లో, కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1-1 దగ్గర ఆగిందట. పెనాల్టీల్లో మనవాళ్ళు 3-1తో గెలిచారట. గోల్‌కీపర్ కట్టిమణి మూడు దెబ్బలు ఆపాడట. వాడు చెబుతూంటే నాకు మా బాపు గుర్తుకొచ్చాడు. ఆయనా ఇంతే. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన వైనం చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. ఆ జట్టును తీర్చిన రహీం సాబే తర్వాత భారత జట్టును 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియన్ క్రీడల్లో బంగారు పతకానికి నడిపించాడు. బాపు మాటలకు నేను ఊకొట్టేవాణ్ణి, అంతే. ఆ బాకీ మనవడి దగ్గర తీర్చుకుందామని ఆట చూడ్డానికి కూర్చున్నాను.

మంచి ముహూర్తమే చూసుకున్నాను! దసరాకు ముందు మొదలైన ఆ సీజన్లో మన జట్టుకు ఓటమి మీద ఓటమి. వాడి ముఖం చూడలేక, అటక మీది పాత ఖాతా పుస్తకం దింపి గీతలు కొట్టి ఇచ్చాను. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి, ఓడితే సున్నా. జమ వైపు గడి ఎప్పటికీ నిండదే!

2024 జనవరి నాటికి అసలు సంగతి బయటపడింది. క్లబ్బు ఆటగాళ్ళకు జీతాలివ్వలేకపోతోంది. పాత బకాయిల మూలంగా కొత్తవాళ్ళను చేర్చుకోరాదని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఆంక్ష పెట్టింది. పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. విదేశీయుల్లో బ్రెజిల్ దేశపు జోవో విక్టర్ ఒక్కడే మిగిలాడు. థాంగ్‌బోయ్ సింగ్టో అనే శిక్షకుడు, మిగిలిన మన కుర్రాళ్ళను పెట్టుకుని బండి లాగుతున్నాడు.

"జీతమియ్యకపోతే వీళ్ళెందుకు ఆడుతున్నరు తాతా?"

"ఒప్పుకున్న సీజన్ గద బిడ్డా."

"మరి పోయినోళ్ళది తప్పా?"

"తప్పెట్లయితది? వాళ్ళకూ ఇల్లున్నది, పిల్లలున్నరు."

"నువ్వయితే ఉండేటోడివా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడకు తెలుసు.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక మిల్లులో (పేరెందుకు లెండి) మూడు నెలలు జీతాలు ఆగాయి. కిరాణా కొట్టువాడు అప్పు ఆపేశాడు. సరిగ్గా యాసంగి వడ్లు వచ్చే వేళ, చెప్పాపెట్టకుండా పక్క మిల్లుకు మారిపోయాను. కాంటా వేసే కాకాకు సంతకం చేయడం తప్ప రాత రాదు. అతనే గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టి, హమాలీలకు రావలసిన కూలి లెక్క తేల్చి, సీజన్ అయ్యేదాకా ఉన్నాడట. ఆ తర్వాత అతను ఎదురొస్తే నేను సందు మారేవాణ్ణి.

"నేను పోయిన బిడ్డా," అన్నాను.

వాడు నా వంక ఒక్క క్షణం చూసి, పుస్తకంలో ఆనాటి ఓటమి రాసుకున్నాడు.

మార్చిలో చెన్నైలో ఆట. చెన్నైయిన్ జట్టు మీద మనవాళ్ళు ఒక్క గోలు వేశారు. ఇక అక్కణ్ణించి ఫోను ముందు ముగ్గురం. మా ఆవిడ కూడా పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. చివరి ఈల దాకా ఊపిరి బిగబట్టాం. 1-0. వాడు వాకిట్లోకి ఉరికి కేకలు పెడితే, పెళ్ళి కుదిరిందేమోనని పక్కింటావిడ వచ్చి అడిగింది.

మర్నాడు పొద్దున్నే కాకా ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ఎండకు కూర్చున్నాడు.

"ఏం గుమాస్తా సాబ్, తొవ్వ తప్పినవా?"

చాయ్ తాగినంతసేపూ నోరు పెగల్లేదు. చివరికి ఎలాగో అన్నాను, అప్పుడు అలా వెళ్ళిపోవడం సరికాదని, కనీసం లెక్కలు అప్పజెప్పి వెళ్ళవలసిందని.

"ఆ లెక్క నీకింక యాదున్నదా?" అని కాకా నవ్వాడు. "గోడకు సున్నమేసి ఎన్నేండ్లాయె!"

ఉగాది వేళకు సీజన్ ముగిసింది. 22 ఆటల్లో గెలుపు 1, సమం 5, ఓటమి 16. మొత్తం 8 పాయింట్లు. పన్నెండు జట్లలో పన్నెండోది. వాడు కూడి నాకు చూపిస్తే, సరిచూసి కింద సంతకం పెట్టాను. వేసవిలో వాణ్ణి వచ్చి తీసుకుపోయారు.

2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ రోజు మనవడు ఫోను చేశాడు.

"తాతా, మన టీమ్ పోయింది."

"విన్న బిడ్డా."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆ పుస్తకం ఉన్నదా?"

"ఉన్నది."

"పాత కాయితాలోనికి అమ్మకుమను అమ్మమ్మను."

మా ఆవిడకు ఆ మాట చెబితే, అప్పుడే దాన్ని గుడ్డలో చుట్టి, ఇంటి పట్టా కాగితాల పక్కన బీరువాలో పెట్టేసింది.