అమెరికా బాట, యూరప్ బాట, మన పిల్లల బాట



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రిగారు నా టేబుల్ ముందు కూర్చుని, ప్రోగ్రెస్ కార్డు ఇంకా తెరవకముందే ఒక మాట అడిగారు. "మేడమ్, మావాణ్ణి ఆటల పీరియడ్ నుంచి తీసేయండి. ఆ గంట ఫౌండేషన్ క్లాసులో కూర్చోబెట్టండి. ఆటలు తర్వాతైనా ఆడుకోవచ్చు కదా." బాబు పక్కనే నిలబడి తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. కొన్నేళ్ల క్రితం ఇదే సలహా నేనే ఒక తల్లిగారికి ఇచ్చాను. బి.ఇడి. పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం అది. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి వాలీబాల్ బాగా ఆడేది. ఇంగ్లీష్‌లో మార్కులు మాత్రం మధ్యరకంగా వచ్చేవి. "సాయంత్రం ఆట మాన్పించి ఒక గంట గ్రామర్ చేయిస్తే బాగుపడుతుందండీ" అన్నాను. టీచర్ చెప్పింది కదా అని ఆవిడ మాన్పించారు. తర్వాతి యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు పెరిగాయి. నేను సంతోషించాను.

దసరా సెలవుల తర్వాత ఒక మార్పు గమనించాను. అంతవరకు తప్పో ఒప్పో ముందుగా చెయ్యెత్తేది ఆ అమ్మాయే. అలాంటిది అడిగినా లేవడం మానేసింది. పక్కకు పిలిచి అడిగితే, "తప్పయితే నవ్వుతారు మేడమ్" అంది. అప్పుడు నాకు అర్థమైంది. వాలీబాల్ కోర్టులో ఆ పిల్ల రోజుకి ఇరవైసార్లు బంతి వదిలేసి, ఇరవైసార్లూ మళ్లీ లేచి నిలబడేది. తప్పు చేసినా ఫర్వాలేదు అని నేర్పే ఒకే ఒక్క చోటుని నేను మూసేయించాను. నా పొరపాటు ఒప్పుకుని మళ్లీ ఆడమని చెప్పేలోగా వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. ఆమె ఇప్పుడు ఆడుతోందో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత ఈ విషయం గురించి ఆలోచించడానికి నాకు పనికొచ్చింది, మీరు నమ్మినా నమ్మకపోయినా, గోల్ఫ్. విశాఖలో మా నాన్నగారు గోల్ఫ్ మైదానంలో గడ్డి చూసుకునే పని చేసేవారు. మేం ఎన్నడూ గోల్ఫ్ కర్ర పట్టలేదు గానీ, ఇంట్లో టీవీలో ఆ ఆట వస్తే నాన్న పక్కన కూర్చుని చూసేవాళ్లం. సముద్రం వైపు నుంచి గాలి వీచిన రోజున బాగా ఆడేవాళ్లు కూడా ఎలా తికమకపడతారో నాన్న చెబుతుండేవారు. నిబంధన ప్రకారం ఆటగాడు సంచిలో 14 కర్రల వరకు పెట్టుకోవచ్చు. దూరం కొట్టడానికి ఒకటి, ఇసుక గుంటలోంచి బంతిని లేపడానికి ఇంకొకటి, గుంత దగ్గర మెల్లగా తోయడానికి మరొకటి. ఒక్కటే దెబ్బ వచ్చినవాడు 18 గుంతల ఆట నెగ్గుకురాలేడు.

అందుకే అన్నివిధాలా ఎదిగిన ఆటగాణ్ణి తయారుచేయడం ఎలా అనే ప్రశ్న గోల్ఫ్‌లో ఎప్పుడూ ఉంటుంది. దానికి అమెరికా ఒక దారి వేసింది, యూరప్ ఇంకో దారి వేసింది.

అమెరికా దారి చాలావరకు కాలేజీ గుండా వెళుతుంది. జాక్ నిక్లాస్ ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో, టైగర్ వుడ్స్ స్టాన్‌ఫర్డ్‌లో, ఇప్పటి మేటి ఆటగాడు స్కాటీ షెఫ్లర్ టెక్సాస్ యూనివర్సిటీలో ఆడారు. వుడ్స్ రెండేళ్లు చదివి 1996లో ప్రొఫెషనల్ అయ్యారు. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ నిబంధనలు చూస్తే మనకు ఆశ్చర్యంగా ఉంటుంది. చదువులో కనీస ప్రగతి లేకపోతే ఆడనివ్వరు. సీజన్‌లో టీముతో కలిసి చేసే సాధన వారానికి 20 గంటలు మించకూడదు. టీములో ఐదుగురు ఆడితే నలుగురి మంచి స్కోర్లు లెక్కలోకి వస్తాయి. అంటే ఒక రోజు ఒకరి ఆట చెడినా మిగతావాళ్లు నిలబెడతారు.

ఈ దారిలో వచ్చిన మన తెలుగు కుర్రాడు ఒకరున్నారు. సాహిత్ తీగల. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. సాహిత్‌కి చిన్నప్పటి నుంచి వెన్నెముక వంపు సమస్య ఉంది. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదువుతుండగా మణికట్టు గాయంతో ఒక సీజన్ మొత్తం ఆటకి దూరమయ్యారు. కాలేజీలో ఉన్నారు కాబట్టి ఆగడానికి వీలు దొరికింది. చదువు సాగింది, స్కాలర్లూ స్నేహితులూ కోచ్‌లూ చుట్టూ ఉన్నారు. 2020లో ఆ దేశపు కాలేజీ గోల్ఫ్‌లో మేటి ఆటగాడికిచ్చే అవార్డులు అందుకున్నారు. 2023 సెప్టెంబరులో పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించారు.

యూరప్ దారి వేరు. అక్కడ ఊరి గోల్ఫ్ క్లబ్బు, ఆ తర్వాత దేశపు సమాఖ్య పిల్లల్ని పైకి తెస్తాయి. కొందరు పదిహేడు, పద్దెనిమిదేళ్లకే ప్రొఫెషనల్ అయిపోతారు. స్పెయిన్‌లోని పెద్రెన్యా ఊరి పిల్లవాడు సెవె బాయెస్తెరోస్ ఒకే ఒక్క పాత ఇనుప కర్రతో సముద్రపు ఇసుకలో ఆడుకుంటూ నేర్చుకున్నారు. ఆ ఒక్క కర్రతోనే ఎత్తుగా, పల్లంగా, వంకరగా కొట్టడం కనిపెట్టారు. పెద్దయ్యాక 1979లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన రోజున ఆయన బంతి కార్లు నిలిపే చోట పడినా, అక్కడి నుంచే కొట్టి నెగ్గుకొచ్చారు.

ఉత్తర ఐర్లండ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ కథ తల్లిదండ్రులుగా మీకు దగ్గరగా అనిపిస్తుంది. కొడుకు ఆట కోసం తండ్రి బారులో పని, శుభ్రం చేసే పని కలిపి రెండు మూడు ఉద్యోగాలు చేశారు. తల్లి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి వెళ్లారు. రోరీ కాలేజీకి వెళ్లకుండా 2007లో ప్రొఫెషనల్ అయ్యారు. 2025 ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచి నాలుగు మేజర్ టైటిళ్లూ పూర్తి చేసుకున్నారు.

యూరప్ టూర్‌లో ఆడేవాళ్లకి ఈ వారం ఎడారి ఎండ, ఇంకో వారం స్కాట్లాండ్ చలిగాలి, మరో వారం ఆఫ్రికా గడ్డి. తిండి మారుతుంది, భాష మారుతుంది, నేల మారుతుంది. అమెరికా టూర్ పోటీలు చాలావరకు ఒకే దేశంలో, చక్కగా తీర్చిదిద్దిన మైదానాల్లో జరుగుతాయి. సౌకర్యం ఎక్కువ, డబ్బూ ఎక్కువ. ఎదురుగాలిలో నేలబారుగా బంతి కొట్టడం నేర్చుకోవలసిన అవసరం మాత్రం తక్కువ.

అయితే యూరప్ దారే గొప్పదనుకుంటే పొరపాటు. ఇంగ్లండ్ ఆటగాడు జస్టిన్ రోజ్ 17 ఏళ్ల వయసులో, 1998 బ్రిటిష్ ఓపెన్‌లో నాలుగో స్థానంలో నిలిచి వెంటనే ప్రొఫెషనల్ అయ్యారు. ఆ తర్వాత వరసగా 21 పోటీల్లో సగంలోనే ఇంటిదారి పట్టారు. ఇటలీ ఆటగాడు మత్తెయో మనస్సెరో 2010లో 17 ఏళ్లకే యూరప్ టూర్‌లో టైటిల్ గెలిచి, అంత చిన్న వయసులో గెలిచిన తొలి ఆటగాడయ్యారు. 2013 తర్వాత ఆట చెదిరిపోయింది, టూర్‌లో చోటే పోయింది. కింది టూర్‌లో మళ్లీ మొదలుపెట్టి, 2024లో దక్షిణాఫ్రికాలో గెలిచారు. మధ్యలో దాదాపు 11 ఏళ్లు. రోజ్ కూడా నిలదొక్కుకుని 2013లో యూఎస్ ఓపెన్, 2016లో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. వీళ్లిద్దరూ తిరిగి లేచారు కాబట్టి వీళ్ల పేర్లు మనకు తెలిశాయి. లేవలేనివాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

నాకు బాగా నచ్చిన విషయం, ఈ రెండు దారులూ ఇప్పుడు ఒకదాన్నొకటి కలుస్తున్నాయి. అమెరికా కుర్రాడు బ్రూక్స్ కెప్కా 2012లో ప్రొఫెషనల్ అయ్యాక యూరప్‌లోని కింది స్థాయి ఛాలెంజ్ టూర్‌కి వెళ్లి, దేశదేశాలు తిరిగి ఆడారు. తర్వాత ఐదు మేజర్లు గెలిచారు. అటునుంచి స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్ అమెరికాలోని అరిజోనా స్టేట్‌కి వచ్చారు. వచ్చినప్పుడు ఇంగ్లీష్ అంతంతమాత్రం. ర్యాప్ పాటలు విని నేర్చుకున్నానని ఆయనే చెప్పారు. ఇంగ్లీష్ టీచర్‌గా ఈ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. డిగ్రీ పూర్తిచేసి, 2021లో యూఎస్ ఓపెన్, 2023లో మాస్టర్స్ గెలిచారు. స్వీడన్ కుర్రాడు లుడ్విగ్ ఓబర్గ్ టెక్సాస్ టెక్‌లో చదివి, 2023లో ప్రొఫెషనల్ అయిన కొద్ది నెలలకే రైడర్ కప్ జట్టులో చోటు సంపాదించారు.

రైడర్ కప్ అంటే ఈ రెండు ఖండాల మధ్య జరిగే పోటీ. ఇందులో ఇద్దరు ఒకే బంతిని వంతులవారీగా కొట్టే ఆట కూడా ఉంటుంది. నేను చెడగొట్టింది నా జోడీ సరిచేయాలి, అతను చెడగొట్టింది నేను సరిచేయాలి. యూరప్ గడ్డపై అమెరికా జట్టు చివరిసారి గెలిచింది 1993లో. 2025లో న్యూయార్క్‌కి వెళ్లి మరీ యూరప్ 15–13తో గెలిచింది. ఆ యూరప్ జట్టులో రామ్, ఓబర్గ్ లాంటి అమెరికా కాలేజీ విద్యార్థులు ఉన్నారు. రెండు చోట్లా మంచిని తీసుకున్నవాళ్లు వాళ్లు.

మన పిల్లలంతా గోల్ఫ్ ఆడాలని నేను చెప్పడం లేదు. అది ఖరీదైన ఆట. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ అని నాకూ తెలుసు. మీరు కట్టే ఫీజు వెనుక ఎన్ని ఓవర్‌టైములు, ఎన్ని వాయిదా పడ్డ కోరికలు ఉంటాయో, మా నాన్న జీతంతో చదువుకున్నదాన్ని కాబట్టి అదీ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. అమెరికా దారిలో పిల్లవాడికి ఆగి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. యూరప్ దారిలో రకరకాల గాలికి, నేలకి అలవాటుపడే అవకాశం దొరుకుతుంది. ఈ రెండిట్లో మన పిల్లలకి ఏది ఇస్తున్నాం? ఆటల పీరియడ్ కూడా తీసేస్తే రెండూ లేనట్టే.

ఆ తండ్రిగారికి నేను ఆ రోజు నా పాత విద్యార్థిని సంగతి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత బాబు వైపు తిరిగి, "నువ్వేం ఆడతావురా?" అని అడిగారు. "ఖోఖో" అన్నాడు వాడు. ఆ సంగతి ఆయనకి అప్పటిదాకా తెలియదట. ఈ టర్ము అయ్యేదాకా చూద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. మార్కులు ఎలా వస్తాయో ఇప్పుడే హామీ ఇవ్వలేనని ఆయనకి స్పష్టంగా చెప్పాను.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి మీరు వచ్చినప్పుడు మార్కులతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా నన్ను అడగండి. మా పిల్లలు క్లాసులో తప్పు చెప్పడానికి భయపడుతున్నారా? చదువు కాకుండా దేనిలో సంతోషంగా ఉన్నారు? మొదటి ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉండాలి. రెండో దానికి జవాబు మీ దగ్గర కూడా ఉంటే, మనమిద్దరం కూర్చుని మాట్లాడుకోవడం చాలా తేలికవుతుంది.