కాలికట్ దారిలో దొరికిన ప్రశ్న



చెన్నై సెంట్రల్‌లో రాత్రి మంగళూరు మెయిలు ఎక్కితే తెల్లవారేసరికి కేరళలో ఉంటాము. షొర్ణూరు దాటిన తరువాత భారతపుళ నది చాలాదూరం రైలు వెంటే వస్తుంది. మేము వెళ్ళినప్పుడు నీరు సన్నగా పారుతూ ఇసుక మేటలు తెల్లగా కనబడుచున్నవి. మాతో వచ్చిన సంఘపెద్దగారు కిటికీలోంచి చూచి, "ఎండాకాలంలో మన కృష్ణలాగే ఉన్నదండీ అయ్యగారూ" అన్నారు. ఆ తరువాత కాలికట్ వచ్చేవరకు ఆయన నోరు విప్పలేదు.

ఆయన మనసంతా వాళ్ళ అక్కగారి మీద ఉన్నది. ఆమె మా సంఘస్థురాలే. రొమ్ము కేన్సరు ఎముకలకు పాకింది, ఇక నయం చేసే వైద్యం లేదని డాక్టర్లు చెప్పారు. ఆ మాట ఆమెకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

మా మనసులో మరొక భారము కూడా ఉన్నది. కొన్నేళ్ళ క్రితం మా సంఘములో ఒక తాపీమేస్త్రి ఇదే జబ్బుతో పోయాడు. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, గొట్టాల మధ్య, అయినవాళ్ళు అద్దం బయట నిలబడి ఉండగా వెళ్ళిపోయాడు. ఉన్న ఎకరం పొలమూ బిల్లులకే పోయింది. నోట గొట్టం వేయకముందు మా చెయ్యి పట్టుకొని "ఇంటికి పోదామయ్యా" అన్నాడు. "నీకేమీ కాదు నాయనా, ధైర్యంగా ఉండు" అని ప్రార్థన చేసి బయటకు వచ్చాము. ఆ మాట అన్నది ఎవరో కాదు, మేమే.

కాలికట్‌లో చూడదగినవి చాలా ఉన్నాయి. మిఠాయి వీధి, సముద్రపు ఒడ్డు, కుట్టిచిరలోని పాత కొయ్య మసీదు. వాటిని గూర్చి వేరొకసారి వ్రాస్తాము. మేము వెళ్ళింది మెడికల్ కాలేజీ వైపు. 1993లో డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టరు సురేష్ కుమార్ మొదలైనవారు అక్కడ నొప్పి నివారణ, ఉపశమన సేవల సంఘమును ప్రారంభించారు. నయం కాని రోగిని "ఇక మా చేతిలో లేదు" అని పంపివేయక, నొప్పి తగ్గించి కడవరకు తోడుండుట వారి పని. అది మలప్పురం జిల్లా పల్లెలకు పాకి, ఊరివారే నడుపుకొనే సేవ అయినది. 2008లో కేరళ ప్రభుత్వము దీనికొక విధానమునే ప్రకటించింది.

మరునాడు ఒక నర్సమ్మతోను, ఒక ఆటో డ్రైవరుతోను కలిసి మలప్పురం జిల్లాలో ఒక ఇంటికి వెళ్ళాము. ఆ డ్రైవరు వారంలో ఒక రోజు బాడుగ మానుకొని ఈ సేవ చేస్తాడట. పోక చెట్ల మధ్య ఎర్రరాతి గోడల చిన్న ఇల్లు. మంచం మీద గొంతు కేన్సరుతో ఒక ముసలి దర్జీ. నర్సమ్మ ముందు నోరు శుభ్రం చేసింది. విరేచనం అవుతున్నదా అని అడిగింది. మార్ఫిన్ మాత్రలు మలబద్ధకం చేస్తాయి గనుక వాటితోపాటు విరేచనపు మందూ తప్పక ఇస్తారు. నొప్పి వచ్చేదాకా ఆగక నాలుగు గంటలకొకసారి వేళ తప్పకుండా మాత్ర వేయాలి. "అలవాటైపోదా?" అని మేమడిగాము. కేన్సరు నొప్పికి డాక్టరు లెక్క ప్రకారం వాడితే ఆ భయం అక్కరలేదని ఆమె చెప్పింది.

అటుపిమ్మట ఆమె మంచం పట్టెమీద కూర్చొని, తొందరలేకుండా ఒక ప్రశ్న వేసింది. డ్రైవరు మాకు ఇంగ్లీషులో చెప్పాడు: "జబ్బు ఇంకా ముదిరితే మీకేమి కావాలి, ఏమి వద్దు?"

ముసలాయన చాలాసేపు కప్పువైపు చూశాడు. ఊపిరి అందకపోయినా తనను మళ్ళీ ఆసుపత్రికి మోయవద్దన్నాడు. గల్ఫులో ఉన్న కూతురు సమాధి కార్యక్రమానికి కాదు, ఇప్పుడే, తాను మాట్లాడగలిగినప్పుడే రావాలన్నాడు. తలుపు దగ్గరున్న భార్య కొంగుతో ముఖం కప్పుకొన్నది. ఆ మాటలు ఆమె వినుట అదే మొదటిసారి. నర్సమ్మ అన్నీ పుస్తకములో వ్రాసి, ఫోను నంబరు వేసి, తలగడ ప్రక్కన పెట్టింది.

ఇట్లా వ్రాసుకొనుటకు చట్టము కూడా ఒప్పుకొంటుంది. కోలుకొనే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని యంత్రాలతో సాగదీయవద్దని ముందుగా వ్రాసిపెట్టే హక్కు మనిషికి ఉన్నదని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావలసి వచ్చేది. 2023 జనవరిలో దానిని సులభం చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. తాను మాట్లాడలేని స్థితిలో తన తరఫున మాట్లాడవలసినవారి పేర్లు అందులో వ్రాయాలి. అప్పుడు కూడా డాక్టర్ల బోర్డులు చూచిన తరువాతే యంత్రములు ఆపుతారు, నొప్పి మందు మాత్రం ఆపరు. ఇది ప్రాణము తీయుట కాదా అని కొందరు విశ్వాసులు అడుగుతారు. మేమూ అడిగినవారమే. ఆ దర్జీ మంచం దగ్గర నిలబడిన తరువాత మాకు అట్లా తోచుటలేదు. మార్ఫిను కొరకు కేరళ దాకా పోనక్కరలేదు, హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలోను ఈ వైద్యము ఉన్నది.

ఊరికి వచ్చిన మూడవనాడు సంఘపెద్దగారితో వాళ్ళ అక్కగారి ఇంటికి వెళ్ళాము. ప్రశ్న అడగవలసింది మేము. నాలుక పొడారిపోయింది. తడబడుతూనే అడిగాము.

ఆమె తమ్ముడి ముఖంలోకి చూచి, "నాకు ఎప్పుడో తెలుసులే అయ్యగారూ. అడిగితే వీడు ఏడుస్తాడని అడగలేదు" అన్నది.

ముందుగదిలోనే, వీధి కనబడేటట్లు మంచం వేయమన్నది. ఆసుపత్రి వద్దు, నొప్పికి మందు మాత్రం కావాలి. మాటలు లేని చిన్నకోడలికి కబురు పెట్టమన్నది. సమాధి దగ్గర ప్రసంగం పొడుగు చేయవద్దని, పిల్లలు ఎండకు తాళలేరని మాకు ప్రత్యేకముగా చెప్పింది.

సంఘపెద్దగారు అటకమీది నోటుపుస్తకం దించి, కళ్ళు తుడుచుకొని వ్రాయబోయారు.

"ఆ పేజీలో కాదురా," అన్నది ఆమె, "అందులో పాల లెక్కలున్నాయి. వెనకనుంచి వ్రాయి."